టర్మ్ మధ్యలో వదిలేయనా, బిల్లు పాసయ్యేదాకా ఆగనా?

ఈసారి వచ్చిన ఉత్తరం అమెరికా నుంచి. రాసిన అమ్మాయికి 23 ఏళ్లు. పదో తరగతిలో ఉండగా అమ్మానాన్నలతో అక్కడికి వెళ్లింది, రెండేళ్ల క్రితం పౌరసత్వం వచ్చింది. డిగ్రీ కాగానే సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ జాతీయ సేవా కార్యక్రమమైన అమెరికోర్‌లో ఫుల్‌టైమ్ సభ్యురాలిగా చేరింది. పేద పిల్లలు చదివే బడిలో చదువు వెనకబడినవాళ్లకు పాఠాలు చెప్పడం ఆమె పని. టర్మ్‌కి, అంటే ఈ సేవా కాలానికి, మొత్తం 1,700 గంటలు చేయాలి, ఫిబ్రవరి మధ్యకి 900 అయ్యాయి. నెలకు 1,750 డాలర్ల లివింగ్ అలవెన్స్, కోతలన్నీ పోగా చేతికి 1,540 వస్తోంది. ఇద్దరు స్నేహితురాళ్లతో పంచుకున్న ఇంటి అద్దెలో తన వాటా 700. డిసెంబరు నుంచి 24,000 డాలర్ల ఫెడరల్ స్టూడెంట్ లోన్‌కి నెలకు 255 కడుతోంది. "నెల చివరి వారం రెండు పూటలే తింటున్నాను, ఇంట్లో చెప్పలేదు" అని రాసింది.

నాన్నగారి స్నేహితుడి కంపెనీలో 62,000 డాలర్ల ఉద్యోగం సిద్ధంగా ఉంది. మూడు వారాల్లో చేరమంటున్నారు. "ఊరికి ఉపకారం చేసేముందు నీ కడుపు చూసుకో" అని నాన్న రోజూ ఫోన్ చేస్తున్నారట. ఇంతలో తోటి సభ్యుల వాట్సాప్ గ్రూపులో ఒక కబురు: టర్మ్ ముగిశాక, చదువుకో స్టూడెంట్ లోన్ తీర్చడానికో వాడుకునేలా వచ్చే ఎడ్యుకేషన్ అవార్డు మీద పన్ను తీసేస్తున్నారు, అవార్డును రెట్టింపు కూడా చేస్తున్నారు, చట్టం వచ్చేసింది అని. అందరూ కలిసి పిటిషన్ మీద సంతకాలు పెట్టించబోతే సూపర్‌వైజర్ వచ్చి "ఇది నిషిద్ధం, ఆపండి" అన్నారట. ఆమె అడుగుతున్నవి మూడు. ఇప్పుడు వదిలేస్తే ఏం పోతుంది? కొత్త చట్టం కోసం అవార్డు వాడకుండా ఆగితే లాభమా? చట్టసభలో నా ప్రతినిధికి ఉత్తరం రాసే హక్కు నాకు లేదా?

సమాధానం:

ముందు ఆకలి సంగతి. రెండు పూటలే తింటున్నానని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం మిగతా ఉత్తరమంతటికంటే బరువైనది. దానికి ఏ కొత్త చట్టమూ రావక్కర్లేదు, ఉన్న చట్టంలోనే రెండు దారులున్నాయి.

ఒకటి, ఆ 255 డాలర్లు. అమెరికోర్ టర్మ్ నడుస్తున్నంత కాలం అర్హతగల ఫెడరల్ లోన్ వాయిదాలు ఆపించుకునే హక్కు మీకుంది. దీన్ని నేషనల్ సర్వీస్ ఫర్‌బేరెన్స్ అంటారు. మై అమెరికోర్ పోర్టల్‌లోకి వెళ్లి మీరే అర్జీ పెట్టాలి. చేరిన రోజున అదంతట అది మొదలవదు, చాలామంది పొరబడేది ఇక్కడే. అర్జీ మీ లోన్ వాయిదాలు వసూలు చేసే సంస్థకు, అంటే లోన్ సర్వీసర్‌కి వెళ్తుంది. వాళ్ల నుంచి జవాబు వచ్చేదాకా వాయిదా మానేయకండి, మానేస్తే బకాయి కింద రాసుకుంటారు. ఫర్‌బేరెన్స్‌లో ఉన్నా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అయితే టర్మ్ విజయవంతంగా పూర్తిచేస్తే ఆ కాలపు వడ్డీని అమెరికోర్ కడుతుంది, అవార్డులోంచి కోయకుండా విడిగా. దానికి టర్మ్ చివర మరో అర్జీ ఉంది, అదీ మీరే పెట్టాలి. ఆ వడ్డీ చెల్లింపు కూడా పన్ను లెక్కలో మీ ఆదాయమేనని గుర్తుంచుకోండి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఫర్‌బేరెన్స్ వద్దనుకుంటే ఆదాయాన్ని బట్టి కట్టే ఐబీఆర్ ప్లాన్‌కి మారవచ్చు. అందులో వాయిదాను పేదరిక రేఖకు ఒకటిన్నర రెట్లు దాటిన ఆదాయం మీదే లెక్కిస్తారు. 2025లో ఒంటరి వ్యక్తికి ఆ రేఖ 15,650 డాలర్లు, ఒకటిన్నర రెట్లంటే 23,475. మీ అలవెన్స్ ఏడాదికి 21,000 కాబట్టి వాయిదా సున్నా పడుతుంది. మున్ముందు ప్రభుత్వంలోనో లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేసి, 120 వాయిదాల తర్వాత మిగిలిన లోన్ మాఫీ చేయించుకునే పథకంలోకి వెళ్లాలనుకునేవాళ్లు ఈ దారి చూస్తారు. మీరు వెళ్లబోయేది ప్రైవేటు కంపెనీ కాబట్టి, వడ్డీ అమెరికోర్ కట్టే ఫర్‌బేరెన్స్ మీకు మేలనిపిస్తోంది.

రెండోది ఫుడ్ స్టాంప్స్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తిండి సరుకుల కోసం ప్రభుత్వమిచ్చే స్నాప్ సాయం. అమెరికోర్ అలవెన్స్‌ని స్నాప్ అర్హత లెక్కలో ఆదాయంగా తీసుకోకూడదని జాతీయ సేవా చట్టంలోనే రాసి ఉంది. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికి ఆ సంగతి తెలియకపోవచ్చు. పే స్లిప్ చూసి జీతమనుకుని తిప్పి పంపిన సందర్భాలు తక్కువేం కాదు. అందుకే మీరు అమెరికోర్ సభ్యురాలినని, వస్తున్నది లివింగ్ అలవెన్స్ అని ప్రోగ్రాం లెటర్‌హెడ్ మీద రాయించుకుని తీసుకెళ్లండి. ఇంట్లో ముగ్గురున్నా ఎవరి సరుకులు వాళ్లు కొనుక్కుని ఎవరి వంట వాళ్లు చేసుకుంటుంటే మిమ్మల్ని విడి కుటుంబంగానే లెక్కిస్తారు, ఆ మాట దరఖాస్తులో స్పష్టంగా రాయండి. మన ఇళ్లలో దీన్ని పరువు తక్కువగా చూస్తారని నాకు తెలుసు. కాని ఇది మీరు చేయి చాచి అడుగుతున్నది కాదు. సభ్యులకు ఇచ్చే అలవెన్స్ బొటాబొటీగా ఉంటుందని తెలిసే చట్టసభ ఆ వాక్యం రాసింది.

ఇక వదిలేయాలా వద్దా అన్న సంగతి. మీ ఉత్తరం చూస్తే, సగం గంటలు చేశాను కాబట్టి సగం అవార్డైనా వస్తుందన్న ధీమా కనిపిస్తోంది. రాదు. ఉద్యోగం కోసం వెళ్లిపోతే అవార్డు సున్నా.

ఫుల్‌టైమ్ అవార్డు ఆ ఏడాది పెల్ గ్రాంట్ (పేద విద్యార్థుల కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే సాయం) గరిష్ఠ మొత్తంతో సమానం, మీ విషయంలో 7,395 డాలర్లు. 1,700 గంటలకు పంచితే గంటకు సరిగ్గా 4 డాలర్ల 35 సెంట్లు. 900 గంటలకు 3,915 అవుతుంది. గంటల వంతున ఇలా కట్టివ్వడం ఉంది, కాని అది తప్పనిసరి వ్యక్తిగత కారణాల మీద వెళ్లేవాళ్లకే, అదీ కనీసం 15 శాతం, అంటే 255 గంటలు పూర్తయితేనే. తీవ్రమైన జబ్బు, వైకల్యం, ఇంట్లో మరణం లాంటివి ఆ కారణాల కిందికి వస్తాయి. మంచి ఉద్యోగం దొరకడం, కాలేజీలో చేరడం, పని నచ్చకపోవడం రావని నిబంధనల్లో విడిగా రాశారు. ఏది వస్తుంది, ఏది రాదు అని కాగితం చూసి తేల్చేది మీ ప్రోగ్రాం. ఉద్యోగం కోసం వెళ్తూ అనారోగ్యమని రాయించుకోమనే సలహాలు గ్రూపుల్లో వస్తుంటాయి. దయచేసి ఆ పని చేయకండి. అది ప్రభుత్వ నిధికి సంబంధించిన ధ్రువపత్రం, అబద్ధం తేలితే చిక్కుల్లో పడేది మీతోపాటు సంతకం పెట్టిన కోఆర్డినేటర్ కూడా.

అలాంటి కారణం లేకుండా వెళ్తే ఆ నిష్క్రమణ 'ఫర్ కాజ్' అని, అంటే తప్పు మీ వైపు ఉన్నట్టు, నమోదవుతుంది. పేరు భయపెట్టేలా ఉన్నా అది నేరం కాదు. రేపు మళ్లీ ఏ అమెరికోర్ ప్రోగ్రాంకైనా దరఖాస్తు చేస్తే ఆ సంగతి చెప్పాలి, ఈ టర్మ్ కూడా మీకు అనుమతించిన టర్ముల్లో ఒకటిగా లెక్కలోకి పోతుంది. అంతకు మించి నష్టం లేదు.

ఇప్పుడు నాన్నగారి లెక్క. మీకు కష్టంగా అనిపించినా చెప్పాల్సిందే, డబ్బు ఒక్కటే చూస్తే ఆయన తప్పు చెప్పడం లేదు. ఆ ఉద్యోగంలో నెలకు 5,166 డాలర్లు, ఇక్కడ 1,750. మిగిలిన 800 గంటలు వారానికి 40 చొప్పున 20 వారాలు, దాదాపు అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో తేడా 17,000 డాలర్ల పైచిలుకు. పన్నులు పోయినా అవార్డు 7,395 కంటే, దానికి కలిసే వడ్డీ కంటే ఎక్కువే మిగులుతుంది. కాబట్టి "అవార్డు పోతుంది" అన్న వాదనతో నాన్న దగ్గర గెలవాలని చూడకండి, ఆయన కాగితం మీద లెక్కేసి చూపిస్తారు.

అయితే ఆ లెక్కంతా ఉద్యోగం మూడు వారాలకు మించి ఆగదన్న ఊహ మీద నిలబడి ఉంది. అది ఎవరైనా అడిగి చూశారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. తెలిసినవాళ్ల కంపెనీ, కొత్తగా చేరే ఉద్యోగం. జూన్ చివర చేరతానని, ఫలానా తేదీకి ప్రభుత్వ సేవా టర్మ్ పూర్తవుతుందని ఒక మెయిల్ పెట్టండి. ఆ మాట నాన్నగారి ద్వారా కాక మీరే నేరుగా అడగడం మంచిది. మధ్యలో స్నేహితులుంటే మొహమాటానికి ఇద్దరూ అసలు సంగతి చెప్పుకోరు.

వాళ్లు ఒప్పుకుంటే గంటలు త్వరగా ముగించే వీలుంది. వారానికి 48 గంటలు చేస్తే 20 వారాల పని 17 వారాల్లో అయిపోతుంది, జూన్ మధ్యకి తేలిపోతారు. దీనికి ప్రోగ్రాం ముందే అనుమతించాలి. సాయంత్రం క్లబ్బులు, శనివారం ట్యూషన్లు, సేవా దినాల్లాంటి పని ఉండాలి, ముందస్తు అనుమతి లేకుండా ఇంట్లో కూర్చుని చేసినవి గంటలుగా ఒప్పుకోరు. ఇంకో విషయం, అలవెన్స్ గంటకింత అని ఇచ్చే కూలి కాదు. త్వరగా ముగిస్తే మిగిలిన నెలల అలవెన్స్ రాదు, ఒకేసారి కట్టి ఇవ్వరు కూడా. అందుకే చివరి గంట, ఉద్యోగంలో మొదటి రోజు ఒకదానికొకటి దగ్గరగా ఉండేలా చూసుకోండి.

వాళ్లు ఆగలేమంటే మీ ముందు ఉండేవి రెండే. ఉద్యోగం తీసుకుని 900 గంటల పనిని సేవగానే మిగుల్చుకోవడం, లేదా ఈ ఉద్యోగం వదులుకుని జూలైలో మరొకటి వెతుక్కోవడం. రెండోది ఎంచుకుంటే ఆ ఉద్యోగం దొరకడానికి పట్టే ప్రతి నెలా 5,000 డాలర్ల నష్టమని తెలిసి ఎంచుకోండి. పార్ట్‌టైమ్ స్లాట్‌కి మార్పించి 900 గంటలకే అవార్డు తీసుకోవచ్చని ఎవరైనా చెబితే, కోఆర్డినేటర్‌ని ఒకసారి అడగడంలో తప్పులేదు. కాని సభ్యుడు మధ్యలో వెళ్లిపోతున్నాడని అవార్డు దక్కేలా స్లాట్ మార్చడానికి నియమాలు ఒప్పుకోవు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సేవా సమయం బయట చిన్న ఉద్యోగం చేసుకోవడానికి మాత్రం మీలాంటి ప్రోగ్రాంలలో అడ్డులేదు. వారాంతాల్లో ఆరేడు గంటలు ఎక్కడైనా చేసినా ఆ చివరి వారం గడుస్తుంది. స్నాప్ లెక్కలో ఆ జీతం మాత్రం ఆదాయమే.

ఏ నిర్ణయం తీసుకున్నా టైమ్‌షీట్ల కాపీలు మీ దగ్గర పెట్టుకోండి. 2025 ఏప్రిల్‌లో దాదాపు 40 కోట్ల డాలర్ల అమెరికోర్ గ్రాంట్లు ఉన్నపళంగా రద్దయ్యాయి. రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి, జూన్‌లో దావా వేసిన రాష్ట్రాల్లో వాటిని పునరుద్ధరించమని ఉత్తర్వు వచ్చింది. ఆ మధ్య కాలంలో టర్మ్ తెగిపోయిన వాళ్లకు ఎన్ని గంటలు నమోదై ఉన్నాయన్నదే అన్నిటికీ ఆధారమైంది.

ఇక కొత్త చట్టం. వాట్సాప్‌లో వచ్చింది నిజం కాదు, చట్టం రాలేదు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో ఏళ్లుగా ఇలాంటి బిల్లులు ప్రవేశపెడుతూనే ఉన్నారు. ఎడ్యుకేషన్ అవార్డుకు పన్ను మినహాయింపు ఇవ్వాలన్నది ఒక బిల్లు. అవార్డు పెంచి, సభ్యుల సంఖ్యనూ బాగా పెంచాలన్నది సెనేటర్ జాక్ రీడ్, ప్రతినిధి జాన్ లార్సన్ తెచ్చిన మరో బిల్లు. రెండూ చాలాసార్లు ప్రవేశించాయి, ఒక్కసారీ చట్టం కాలేదు. కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో బిల్లు నంబరు కొడితే అది ఏ దశలో ఉందో కనిపిస్తుంది. 'ప్రవేశపెట్టారు' అన్న దగ్గరే ఆగి ఉంటే అది ఒక సభ్యుడి ప్రతిపాదన మాత్రమే. కాంగ్రెస్ కాలం రెండేళ్లు. 2027 జనవరి 3న ప్రస్తుత కాంగ్రెస్ ముగిస్తే అప్పటికి పాసవని బిల్లులన్నీ చచ్చిపోతాయి, మళ్లీ కొత్త నంబరుతో మొదలుపెట్టాలి.

ఇంతకాలం ఎందుకు తేలలేదో తెలిస్తే మీ ఉత్తరం ఎవరికి రాయాలో కూడా తెలుస్తుంది. అవార్డు ఎంత, ఎవరికి అన్నది జాతీయ సేవా చట్టంలో ఉంటుంది, అది విద్యా కార్మిక కమిటీల పరిధి. దానికి డబ్బు ఏటా కేటాయింపుల కమిటీలు ఇవ్వాలి. పన్ను మినహాయింపు మాత్రం పన్నుల చట్టంలో మార్పు, అది ప్రతినిధుల సభలో వేస్ అండ్ మీన్స్ కమిటీకి, సెనేట్‌లో ఫైనాన్స్ కమిటీకి పోతుంది. సేవ మీద ప్రేమ ఉన్న సభ్యులు మొదటి కమిటీలో ఉంటారు, తాళం మూడో కమిటీ దగ్గర ఉంటుంది. 2009లో పాసైన ఎడ్వర్డ్ కెన్నెడీ సర్వ్ అమెరికా చట్టం అమెరికోర్‌ని 2017 నాటికి 2,50,000 మందికి పెంచమంది. చట్టం వచ్చింది, కేటాయింపు రాలేదు, సంఖ్య ఆ దరిదాపులకు కూడా చేరలేదు. చట్టంలో రాయడం వేరు, డబ్బు ఇవ్వడం వేరు.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ 2009 చట్టంలోనే దొరుకుతుంది. దానికి ముందు అవార్డు 4,725 డాలర్లు, కార్యక్రమం మొదలైన నాటి నుంచి మారలేదు. ఆ చట్టం దాన్ని పెల్ గ్రాంట్‌తో ముడిపెట్టడంతో 5,350 అయింది. అయితే అది 2009 అక్టోబరు 1 తర్వాతి నిధులతో మంజూరైన స్థానాలకే. అప్పటికే పనిచేస్తున్న వాళ్లకు పాత మొత్తమే దక్కింది. ఎందుకంటే అవార్డు విలువ మీ స్థానం మంజూరైన ఆర్థిక సంవత్సరంతోనే స్థిరపడిపోతుంది. కాబట్టి రేపు అవార్డు రెట్టింపైనా మీ 7,395 అలాగే ఉంటుందనుకోవడమే క్షేమం. దానికోసం ఆగడంలో అర్థం లేదు.

పన్ను సంగతి వేరు. పన్ను పడేది అవార్డు సంపాదించిన ఏడాది కాదు, వాడిన ఏడాది. అవార్డుకు టర్మ్ ముగిసిన నాటి నుంచి ఏడేళ్ల గడువు ఉంది. ఈ ఏడేళ్లలో మినహాయింపు వస్తే, వాడకుండా ఉంచుకున్నవాళ్లకు అది అందే అవకాశం ఉంది. మీ స్నేహితులు ఆగుదామంటున్నది దీనికే. మరి ఆగితే ఖర్చెంత?

2025 పన్ను శ్రేణుల మీద మీ లెక్క వేసి చూద్దాం. టర్మ్ జూన్ చివర ముగిసి, జూలైలో ఉద్యోగంలో చేరితే ఆ క్యాలెండర్ ఏడాది మీ ఆదాయం 10,500 అలవెన్స్, 31,000 జీతం, మొత్తం 41,500. పన్ను వేయకుండా వదిలే స్టాండర్డ్ డిడక్షన్ 15,750 పోగా 25,750. దాని మీద చేరే 7,395 అంతా 12 శాతంలోనే ఉంటుంది, అవార్డు మీద పన్ను 887 డాలర్లు. అదే మరుసటి ఏడాది వాడితే పూర్తి జీతం 62,000, డిడక్షన్ పోగా 46,250. 22 శాతం శ్రేణి 48,475 దగ్గర మొదలవుతుంది కాబట్టి అవార్డులో 5,170 ఆ శ్రేణిలోకి వెళ్లి పన్ను 1,404 అవుతుంది. ఇది ఫెడరల్ పన్ను మాత్రమే, రాష్ట్రానిది వేరు. అంటే ఆగితే పన్నులోనే 500 పైగా ఎక్కువ, పైగా ఆ 7,395 మీద లోన్ వడ్డీ నడుస్తూ ఉంటుంది, 5 శాతమనుకుంటే ఏడాదికి 370. ఇన్నేళ్లుగా పాసవని బిల్లు కోసం అంత పెట్టడం సరైన బేరం కాదు. లోన్‌కే కట్టాలనుకుంటే టర్మ్ ముగిసిన క్యాలెండర్ ఏడాదిలోనే, డిసెంబరు 31 లోపు లోన్ సర్వీసర్‌కి చేరేలా పంపండి. పోర్టల్‌లో అర్జీ, లోన్ సర్వీసర్ ధ్రువీకరణ, చెల్లింపు అన్నీ అయ్యేసరికి వారాలు పడుతుంది కాబట్టి నవంబరు మొదట్లోనే మొదలుపెట్టండి. ప్రైవేటు బ్యాంకు లోన్లకు ఈ డబ్బు వాడే వీల్లేదు.

అవార్డు లోంచి పన్ను ముందే కోయరు. జనవరిలో ఆ ఆదాయాన్ని చూపే 1099 మిస్క్ కాగితం వచ్చినప్పుడు చాలామంది ఉలిక్కిపడతారు. కొత్త కంపెనీలో, జీతంలోంచి ఎంత పన్ను కోయాలో తెలిపే డబ్ల్యూ-4 ఫారం నింపేటప్పుడు 'ఇతర ఆదాయం' గడిలో 7,395 రాస్తే ఆ పన్నును జీతాల్లోంచి కొద్దికొద్దిగా కోసుకుంటారు, ఏప్రిల్‌లో భారం ఉండదు.

మరో దారి ఉంది, దీన్ని తెలిసి వాడుకునేవాళ్లు తక్కువ. మీకు ఎంఎస్ చదివే ఆలోచన ఉందని రాశారు. అవార్డును ట్యూషన్‌కి వాడితే, దాని మీద మీరు పన్ను కడుతున్నారు కాబట్టి ఆ ఖర్చు లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్‌కి పనికొస్తుంది. 10,000 డాలర్ల దాకా ఖర్చులో 20 శాతం పన్నులోంచి తగ్గిస్తారు, ఒంటరి వ్యక్తి ఆదాయం 80,000 దాటాక ఇది తగ్గుతూ పోతుంది. 7,395లో 20 శాతం 1,479. పై లెక్కలో వచ్చిన పన్ను 1,404 కంటే ఎక్కువ! అంటే ఏ బిల్లూ పాసవకుండానే ఆ పన్ను మీ వరకు దాదాపు చెల్లిపోతుంది. ఒక్క జాగ్రత్త. కాలేజీలు ట్యూషన్ లెక్క చూపే 1098-టి కాగితంలో ఈ డబ్బును పన్నులేని స్కాలర్‌షిప్‌లా చూపించేస్తుంటాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ మీ క్రెడిట్ కొట్టేస్తుంది. 1099, చెల్లింపు రసీదు రెండూ దాచుకుని, ఇది పన్ను పడిన మొత్తమని సరిచేసి నింపండి. ఎంఎస్ రెండు మూడేళ్లలో ఖాయమైతే అవార్డు దానికోసం దాచుకోవడం అర్థవంతమైన ఆగడమే. ఖాయం కాకపోతే లోన్‌కే కట్టేయండి. సగం సగం పంచుకోవడానికీ అడ్డులేదు.

మూడో ప్రశ్న. మీ సూపర్‌వైజర్ చెప్పింది సగం నిజం. అమెరికోర్ గంటలు నమోదవుతున్న సమయంలో చట్టాలను ప్రభావితం చేయడానికి ప్రయత్నించకూడదు, పిటిషన్లు, నిరసనలు, సమ్మెలు నిర్వహించకూడదు, పార్టీ రాజకీయాలు చేయకూడదు. బడి ఆవరణలో, సేవా సమయంలో సంతకాలు పెట్టిస్తే ఆపాల్సిందే, లేకపోతే ప్రోగ్రాం గ్రాంటుకే ముప్పు. కాని అదే నిబంధన తర్వాతి వాక్యంలో, సొంత సమయంలో, సొంత ఖర్చుతో, సొంత చొరవతో పౌరులుగా ఇవన్నీ చేసుకోవచ్చని ఉంది. అమెరికోర్ లోగో ఉన్న చొక్కా, జాకెట్ వేసుకోకూడదు. ప్రోగ్రాం కంప్యూటరు, ఈమెయిలు, ప్రింటరు ముట్టుకోవద్దు. విస్టా, ఎన్‌ట్రిపుల్‌సీ అనే అమెరికోర్ విభాగాల సభ్యులకైతే పార్టీ రాజకీయాల మీద, ఫెడరల్ ఉద్యోగుల రాజకీయ కార్యకలాపాలకు హద్దులు పెట్టే హాచ్ చట్టపు ఆంక్షలు అదనంగా ఉంటాయి, ఆ గ్రూపులో వాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఒక బిల్లుకు మద్దతివ్వమని మీ ప్రతినిధిని కోరడం మాత్రం పార్టీ రాజకీయం కాదు.

సంతకాల పిటిషన్ కంటే మీ ఒక్కరి ఉత్తరం ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. ఒక పేజీ చాలు. పైన మీ చిరునామా, పిన్ కోడ్ ఉండాలి, నియోజకవర్గం ఓటరు కాకపోతే ఆఫీసువాళ్లు పక్కన పెట్టేస్తారు. మొదటి వాక్యంలో బిల్లు నంబరు, అడుగుతున్నది సహ ప్రతిపాదకులుగా చేరమని. ఆ తర్వాత మీ లెక్కే రాయండి. 1,700 గంటలకు 7,395, అందులో 887 నుంచి 1,404 దాకా మళ్లీ ప్రభుత్వానికే. అంతే విలువైన పెల్ గ్రాంటును ట్యూషన్‌కి వాడితే పన్ను లేదు.

సేవకు ప్రతిఫలంగా ఇచ్చేది కాబట్టి పన్ను వేస్తున్నామన్నది అవతలివాళ్ల వాదన, నిజానికి అది బలహీనమైన వాదనేమీ కాదు. దానికి జవాబు పన్నుల చట్టంలోనే ఉంది. డాక్టర్లు, నర్సులు వైద్యం అందని ప్రాంతాల్లో పనిచేస్తామని మాటిచ్చి తీసుకునే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, ఫీజుల భాగానికి 2001లో మినహాయింపు ఇచ్చారు. అదే సంస్థ చేసే లోన్ చెల్లింపుకు 2004లో ఇచ్చారు. అవీ సేవకు ప్రతిఫలాలే. వాళ్లకు ఇచ్చినప్పుడు బడిలో చదువు చెప్పేవాళ్లకు ఎందుకివ్వరు అన్న ఒక్క ప్రశ్న మీ ఉత్తరంలో తప్పకుండా ఉండాలి.

ఇద్దరు సెనేటర్లకూ అదే పంపండి. వాళ్లలో ఎవరైనా ఫైనాన్స్ కమిటీలోనో, మీ ప్రతినిధి వేస్ అండ్ మీన్స్‌లోనో ఉంటే ఉత్తరంతో ఆగకుండా జిల్లా ఆఫీసులో పావుగంట అపాయింట్‌మెంట్ అడగండి. రాష్ట్ర శాసనసభను కూడా మరచిపోవద్దు. చాలా రాష్ట్రాలు ఫెడరల్ ఆదాయం అంకెను తీసుకునే పన్ను వేస్తాయి, అందులోంచి ఈ అవార్డును తీసేసే చిన్న సవరణ రాష్ట్రంలో తేవడం వాషింగ్టన్‌లో తేవడం కంటే సులువు. అక్కడి సభ్యులు స్వయంగా ఫోన్ ఎత్తుతారు కూడా.

రేపు పొద్దున్నే పోర్టల్‌లో ఫర్‌బేరెన్స్ అర్జీ పెట్టండి. చేరే తేదీ మార్చమనే మెయిల్ ఈ వారంలోనే కంపెనీకి వెళ్లాలి. వాళ్ల జవాబు చేతికొచ్చాకే నాన్నతో కూర్చోండి, అప్పుడు మీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి అసలైన తేదీలు, అంకెలు ఉంటాయి. నెల చివరి వారం సంగతి కూడా ఆయనకు చెప్పండి. ఆ రోజూ వచ్చే ఫోన్ల వెనక ఉన్నది ఆ భయమే అయి ఉంటుంది.